సొర తీగకు చెయ్యి మొలిచిన కథ

ఒకప్పుడు సొర తీగ కాదు, చెట్టు. ఏటి ఒడ్డున ఎత్తైన దిబ్బ మీద, పెళ్లి పందిట్లో పెత్తనం చేసే పెద్దావిడలా నిటారుగా నిలబడి ఉండేది. చుట్టుపక్కల అందరూ ఆమెను సొరమ్మ అనేవారు.

సొరమ్మ కాయలు కడవలంత ఉండేవి. మాను కూడా చూడటానికి బాగా లావే. లోపల మాత్రం అంతా డొల్ల. ఆ సంగతి సొరమ్మకు తెలియదు. లోపలికి చూసుకునే అలవాటు ఆమెకు లేదు.

ఆ రోజుల్లో దేవుడికి ఇప్పుడున్నంత పని ఉండేది కాదు. ఎండ చల్లబడ్డాక ఏటి గట్టు మీద నడకకు వచ్చేవాడు. దారిలో ఎవరు కనపడినా ఆగి, ఏమైనా కావాలా అని అడిగేవాడు. మేకలు నన్ను బతకనివ్వడం లేదని తుమ్మ చెట్టు మొరపెట్టుకుంటే దానికి ముళ్లిచ్చాడు. నన్నెవరూ పట్టించుకోవడం లేదని మొగలి పొద ఏడిస్తే దానికి వాసనిచ్చాడు. ఇల్లు చేరేసరికి రోజూ చీకటి పడిపోతోందని తాబేలు చెబితే, ఆలోచించి ఆలోచించి, ఇంటినే దాని వీపు మీద పెట్టాడు.

సొరమ్మ దగ్గరా ఆగేవాడు. సొరమ్మ ప్రతిసారీ నాకేం తక్కువ అనేది. నిజానికి ఆ ప్రశ్నే ఆమెకు నచ్చేది కాదు. నలుగురూ చూస్తుండగా ఏమైనా కావాలా అని అడిగితే, వినేవాళ్లు ఏమనుకుంటారు? ఏదో లోటు ఉందనుకోరూ?

అందుకని ఒక సాయంత్రం ఆమే ముందు అందుకుంది.

"స్వామీ, మీరు రోజూ ఇంత దూరం నడుస్తున్నారు. పాపం, అలిసిపోయి ఉంటారు. మీకేమైనా కావాలంటే మొహమాటపడకుండా నన్ను అడగండి."

దేవుడు ఆమెను కాసేపు చూశాడు. తర్వాత, అయితే ఒక కాయ ఇవ్వమ్మా అన్నాడు.

సొరమ్మ అన్ని కాయలూ చూసి, మరీ పెద్దది కానిదాన్ని, మరీ చిన్నది కానిదాన్ని ఎంచి రాల్చింది. దేవుడు దాన్ని ఉత్తరీయంలో చుట్టుకుని, చల్లగా ఉండు తల్లీ అని వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి ఆ కబురు తుమ్మ చెట్టుకు తెలిసింది. మధ్యాహ్నానికి మొగలి పొదకు తెలిసింది. కొండ దాకా పాకేసరికి, దేవుడు ఆకలితో అల్లాడిపోతూ సొరమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడనీ, ఆమె జాలిపడి బుట్టెడు కాయలిచ్చి పంపిందనీ అయింది. సొరమ్మ ఆ మాట విన్నది. అది తప్పని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు దేవుడు మళ్లీ వస్తే, ఆమె ఇంకో సలహా ఇచ్చింది. నా దగ్గర ఆగి మీ సమయం పాడుచేసుకోకండి, లేనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల దగ్గర ఆగండి అంది. నీ ఇష్టం తల్లీ అన్నాడు దేవుడు. ఆ తర్వాత ఆమె దగ్గర ఆగలేదు. ఆయనతో ఉన్న చిక్కే అది. చెప్పిన మాట వింటాడు.

ఆ దిబ్బ మీదే, సొరమ్మ పక్కన, ఒక పూరి గుడిసె ఉండేది. అందులో గున్నమ్మ అనే ముసలావిడ, సింగారి అనే మేకతో కలిసి ఉండేది. గున్నమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు, అడగడానికి మొహమాటం లేదు. ఒక ఇంటికి వెళ్లి నిప్పు అడిగేది. ఇంకో ఇంటికి వెళ్లి ఉప్పు అడిగేది. తన దగ్గర గంజి మిగిలితే పిలిచి మరీ పోసేది. ఇక దేవుడు గట్టెక్కి వస్తుంటే చాలు, పని వదిలేసి ఎదురు వెళ్లేది. మోకాలు నొప్పి గురించి చెప్పేది. అన్నం ఉడకడం లేదని చెప్పేది. సింగారి మాట వినడం లేదని, కాస్త బుద్ధి చెప్పమని అడిగేది. దేవుడు ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడి అంతా వినేవాడు.

సొరమ్మకు ఇది చూస్తే ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమే గున్నమ్మా, ఆయన కనపడితే చాలు చెయ్యి చాస్తావు. నీకు సిగ్గు లేదా?"

"ఉంది తల్లీ. ఆకలి కూడా ఉంది. రెండూ ఒక్కసారే మొయ్యలేక, ఒకటి దించేశాను," అంది గున్నమ్మ.

సొరమ్మ ఆమెకు ఒకరి మీద ఆధారపడకుండా ఎలా బతకాలో చాలాసేపు చెప్పింది. నన్ను చూసి నేర్చుకో, నా వేళ్లతో నేనే నీళ్లు వెతుక్కుంటాను, నా కాళ్ల మీద నేనే నిలబడతాను అంది. గున్నమ్మ తల ఊపుతూ అంతా విని, గిన్నెలు కడిగిన నీళ్లు ఎప్పటిలాగే సొరమ్మ మొదట్లో పారబోసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఏరు సన్నటి పాయై, మడుగై, చివరికి ఉత్త ఇసుకైంది. సరిగ్గా అప్పుడే కొండ అవతల ఊరి నుంచి గున్నమ్మ చెల్లెలు కబురు పంపింది. కూతురికి నెలలు నిండాయి, ఇంట్లో ఆడదిక్కు లేదు, రమ్మంది. గున్నమ్మ మేకను తోలుకుని బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ గట్టు మీద దేవుడు కనపడితే ఆగి, ఈ సొరమ్మకు నీళ్లెవరు పోస్తారు, కాస్త నువ్వు చూసుకో సామీ అని చెప్పింది.

సొరమ్మ అది విని మండిపడింది. అడుక్కోవాలని ఉంటే నీ కోసం అడుక్కో, నా పేరెత్తావంటే బాగుండదు అని వెనకనుంచి కేకేసింది. గున్నమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. వెనక్కి తిరిగి, నువ్వూ చల్లగా ఉండు తల్లీ అని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక సొరమ్మ ఆకులు వేలాడిపోవడం మొదలైంది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నిన్నటిదాకా దొరికిన నీళ్లు ఇవాళ ఎక్కడికి పోయాయి? నీకు అందినవి గున్నమ్మ పారబోసిన నీళ్లే అని తుమ్మ చెట్టు మెల్లగా చెప్పింది. సొరమ్మ నవ్వేసింది. గిన్నెలు కడిగిన నీళ్లతో ఇంత మాను పెరుగుతుందా అంది. వేళ్లు కాస్త బద్ధకించాయి, అంతే అని తేల్చేసింది. ఆ బద్ధకం రోజురోజుకీ ముదిరి మాను నిలువునా వడలిపోయింది.

అప్పుడు వాన వచ్చింది.

గున్నమ్మ దేవుణ్ణి అడిగిన నీళ్లే అవి. సొరమ్మ మాత్రం, మబ్బులకు మర్యాద తెలుసు, ఎవరి కోసం రావాలో వాళ్ల కోసమే వస్తాయి అంది. అన్నాళ్ల దాహం తీరేలా తాగింది. తాగిన నీళ్లన్నీ కాయల్లోకి పోయాయి. కాయలు ఉబ్బాయి. కడవలు గాబులయ్యాయి. ఇంత కాయలు ఎవరైనా కాశారా అని ఆమె పక్కవాళ్లను అడుగుతూనే ఉంది. అవి తన మెడ వంచుతున్న సంగతి ఆమె గమనించలేదు.

మర్నాడు మబ్బు విడిపోయి మంచి ఎండ కాసింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఎక్కడినుంచో ఒక తూనీగ వచ్చి సొరమ్మ కొమ్మ మీద వాలింది.

మాను ఫట్టుమంది. సొరమ్మ మొత్తంగా వంగి, కాయలతో సహా దిబ్బ మీద పడిపోయింది. తూనీగ పాపం హడలిపోయి, తన వల్లే ఇదంతా జరిగిందనుకుని, క్షమించమని అడుగుతూ చాలాసేపు అక్కడే తిరిగింది.

చప్పుడు విని తుమ్మ చెట్టు, పడ్డావా సొరమ్మా అని అడిగింది.

"పడటమేంటి? నడుం వాల్చాను," అంది సొరమ్మ.

కాకి వచ్చి అడిగింది. దానికీ అదే చెప్పింది. ఎండలో నిలబడి నిలబడి విసుగొచ్చిందనీ, పడుకుంటే మట్టి చల్లగా హాయిగా ఉందనీ చెప్పింది. ముంగిస వచ్చి, మరి మాను విరిగిందేం అంటే, నాకిలాగే సుఖంగా ఉంటుంది అంది. ఆ సుఖం ఎలాంటిదో అందరికీ కనపడుతూనే ఉంది. సాయంత్రం దేవుడు గట్టు మీదుగా వెళ్లాడు. ఆమె వైపు చూశాడు. ఆగవద్దని చెప్పింది కాబట్టి ఆగలేదు. సొరమ్మ కళ్లు మూసుకుని నిద్ర నటించింది.

తడి నేల మీద పడ్డ కాయలు ఎన్నాళ్లుంటాయి? మొదట పెద్ద కాయ కింది వైపు మెత్తబడింది. ఏదుపంది వచ్చి దాన్ని తినిపోయింది. ఇంకోదాంట్లో పురుగు పడింది. ఇంకోటి దానంతట అదే కుళ్లిపోయింది. ఊరంతా చెప్పుకున్న కాయలు ఒకదాని తర్వాత ఒకటి మట్టిలో కలిసిపోతుంటే సొరమ్మ చూస్తూ పడుకుంది. లేవాలని చూసింది. ఆకులు కదిలాయి కానీ ఒళ్లు లేవలేదు. ఎవరూ చూడని వేళ చూసి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే.

చివరికి కొసన ఒక్క పిందె మిగిలింది. చిటికెన వేలంత పిందె. ఒళ్లంతా నూగు. అది ఇంకా లోకం చూడలేదు.

"అమ్మా, మనం ఇలా ఎన్నాళ్లు పడుకుంటాం?" అని అడిగింది పిందె.

సొరమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఆ పిందె కింద నేల తడిగా ఉంది. ఆ పక్కనే చీమలు బారు కట్టి వస్తున్నాయి. కాకికి చెప్పిన అబద్ధం, ముంగిసకు చెప్పిన అబద్ధం ఆమె నోటి దాకా వచ్చాయి. ఈ ఒక్కదానికి మాత్రం చెప్పబుద్ధి కాలేదు.

దేవుణ్ణి అడగాలి. కానీ ఎలా? ఆమె ఎప్పుడూ అడగలేదు. అలవాటు లేని పని కాబట్టి మొదట తనకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. స్వామీ, నేను మీకు ఒకప్పుడు కాయ ఇచ్చాను, మీకు గుర్తుండే ఉంటుంది అంది. గట్టు మీద ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

మళ్లీ మొదలుపెట్టింది. నా కోసం కాదు, ఈ పసిదాని కోసం అడుగుతున్నాను, నాకైతే ఏ ఇబ్బందీ లేదు అంది. అంటుండగానే ఆమెకే నవ్వొచ్చింది. విరిగిన నడుముతో బురదలో పడుండి, ఏ ఇబ్బందీ లేదట. ఆ నవ్వు కాసేపటికి ఏడుపైంది. ఏడుపు ఆగాక, ఇంక చెప్పుకోవడానికి గొప్పలేవీ మిగల్లేదు.

"నాకు చేతకావడం లేదు. ఎప్పుడూ చేతకాలేదేమో కూడా. నువ్వు కావాలి," అంది.

అంతే అంది. మీరు అనడం కూడా మర్చిపోయింది.

ఆకాశం ఉరమలేదు. వెలుగేదీ రాలేదు. కాసేపటికి ఆకు మొదట్లో ఎక్కడో దురద పుట్టింది. చూస్తే, అక్కడినుంచి సన్నగా, పచ్చగా, మెలిక తిరిగి ఏదో మొలుస్తోంది. కొస దగ్గర రెండు పాయలుగా చీలి ఉంది. చెయ్యీ కాదు, కొమ్మా కాదు. గట్టిగా ఊదితే ఊగిపోతోంది. ఇప్పుడు మనం దాన్ని నులితీగ అంటాం.

సొరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఆమె మనసులో కోరుకున్నది మాను. కొత్త మాను, ఇంకా లావుది. వచ్చింది దారప్పోగు.

అయినా ఇచ్చాడు కదా అని ఆ చేత్తో దేన్నో ఒకదాన్ని పట్టుకుందామని చాచింది. అది వెళ్లి చటుక్కున దేన్నో చుట్టుకుంది. గట్టిగా చుట్టుకుంది. సొరమ్మ బలమంతా కూడగట్టుకుని లాగింది. ఒళ్లు అంగుళం కూడా లేవలేదు. ఇంకా గట్టిగా లాగింది. ఈసారి నొప్పి కూడా పుట్టింది.

"అమ్మా, అది నువ్వే. నిన్నే పట్టుకుని నువ్వు లాగుతున్నావు," అంది పిందె.

నిజమే. ఆ చెయ్యి వెళ్లి ఆమె సొంత కాడనే చుట్టుకుంది. పాత అలవాటు మరి. సొరమ్మకు కోపం రాలేదు. ఇంతకుముందైతే వచ్చేదే. ఇంకో ఆకు మొదట్లోనుంచి ఇంకో చెయ్యి మొలిచేదాకా ఊరుకుంది. ఈసారి దాన్ని తన వైపు కాకుండా బయటికి చాచింది.

బయట ఏమీ లేదు. పట్టుకోవడానికి పుల్ల లేదు, రాయి లేదు. ఉత్త గాలి. ఆ గాలిలోకే చెయ్యి చాచి ఉంచింది. సన్నటి చెయ్యి అటూ ఇటూ ఊగింది. తడుముకుంది. కాకి వచ్చి, అక్కడేముందని చెయ్యి చాచావు అని అడిగింది. నాకేమీ కనపడటం లేదు అంది సొరమ్మ. మరెందుకు అంది కాకి. అవసరం కాబట్టి అంది సొరమ్మ. కాకికి ఇది తెలివైన మాటలా అనిపించలేదు. ఎగిరిపోయింది. సొరమ్మ చెయ్యి దించలేదు.

ఆ పూటే గున్నమ్మ చెల్లెలి ఊరినుంచి తిరిగి వచ్చింది. ముందు సింగారి, వెనక కుంటుకుంటూ తను. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది?" అంది గున్నమ్మ.

సొరమ్మ నోట్లోకి నడుం వాల్చాను అనే మాట దానంతట అదే వచ్చేసింది. దాన్ని మింగింది.

"పడిపోయాను గున్నమ్మా. నన్ను లేపవా?"

గున్నమ్మ ముందు సింగారి చెవి పట్టుకుని పక్కకు లాగింది. అది అప్పటికే పిందెను వాసన చూస్తోంది. తర్వాత వంగి సొరమ్మను ఎత్తబోయింది. ముసలి మోకాలు సహకరించలేదు. నాకూ చేతకాదమ్మా అని ఆమె కూడా సొరమ్మ పక్కనే చతికిలబడింది. ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు. ఆ దిబ్బ మీద అంత స్నేహంగా వాళ్లు ఎప్పుడూ కూర్చోలేదు.

ఊపిరి తీసుకున్నాక గున్నమ్మ లేచి ఒక ఎండిన కంప ఈడ్చుకొచ్చింది. తుమ్మ చెట్టే వద్దని రాల్చేసిన కంప అది. వంకరగా, ముళ్లతో, చూడటానికి ఏమీ బాగాలేదు. దాన్ని సొరమ్మ పక్కన పాతి, గుడిసె చూరుకు ఆనించింది. గాలిలో ఊగుతున్న సన్నటి చెయ్యి వెళ్లి దానికి తగిలింది.

చెయ్యి దాన్ని చుట్టుకుంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. పట్టు దొరికాక స్ప్రింగులా మెలికలు పడి మెల్లగా దగ్గరికి లాక్కుంది. సొరమ్మ ఒళ్లు నేల వదిలి కాస్త లేచింది. దాంతోపాటు పిందె కూడా లేచింది. చీమలు కిందనుంచి చూస్తూ ఉండిపోయాయి.

ఆ రోజునుంచి సొరమ్మ ఒక్కో ఆకు దగ్గర ఒక్కో చెయ్యి చాస్తూ, కంప మీదినుంచి చూరు మీదికి, చూరు మీదినుంచి ఇంటి కప్పు మీదికి పాకింది. వానకు కప్పు చెడిపోయి అప్పటికి గడ్డి పలచబడి ఉంది. వానకు కప్పు ఏమైపోయిందోనని దారంతా గున్నమ్మ దేవుడికి చెప్పుకుంటూ వచ్చిందట. ఇప్పుడు ఆ కప్పు నిండా వెడల్పాటి ఆకులు పరుచుకున్నాయి. కింద చల్లగా నీడ పడింది. దేవుడు ఒకే పనితో ఇద్దరి మొరలూ తీర్చేశాడని గున్నమ్మ నవ్వింది. సొరమ్మ కూడా నవ్వింది.

పిందె కాయైంది. దాని పక్కన ఇంకా కాయలు కాశాయి. ఎంత బరువైనా కప్పు మోసింది.

ఒకరోజు సొరమ్మ కిందికి చూసింది. దిబ్బ మీద మానుగా నిలబడ్డ రోజులకంటే ఇప్పుడే ఎక్కువ ఎత్తులో ఉంది. తుమ్మ చెట్టు కిందుంది. మొగలి పొద ఇంకా కిందుంది. వాళ్లందరినీ చూసేసరికి, వినయంగా ఎలా బతకాలో నాలుగు మంచి మాటలు చెబుదామని ఆమెకు చాలా కోరిక పుట్టింది. గొంతు కూడా సవరించుకుంది. ఇంతలో కప్పు అంచు అయిపోయి, కొత్తగా మొలిచిన చెయ్యి ఒకటి ఉత్త గాలిలోకి జారి, పట్టు కోసం తడుముకోవడం మొదలుపెట్టింది. సొరమ్మ నోరు మూసుకుని దాని సంగతి చూసుకుంది.

దేవుడు మళ్లీ ఆమె దగ్గర ఆగాడో లేదో ఎవరూ చూడలేదు. ఆగవద్దన్న మాటను మాత్రం ఆమె వెనక్కి తీసుకుంది. ఒక్కసారి కాదు, రోజూ తీసుకుంటూనే ఉండేది.

అప్పటినుంచే సొర చెట్టు సొర తీగైంది. ఇవాళ మీ పెరట్లో పందిరి దగ్గరికి వెళ్లి చూడండి. ప్రతి ఆకు దగ్గరా సన్నటి నులితీగ ఉంటుంది. కొన్ని తెలివి తక్కువవి తమ కాడనే చుట్టుకుని ఉంటాయి. వాటిని విప్పకండి, తెగిపోతాయి. మిగతావి ఏ ఆసరా లేని చోటికి, ఇంకా ఏమీ కనపడని గాలిలోకి, చెయ్యి చాచుకుని ఉంటాయి.